కాన్పుకు పోయిన తాంబేలు

మా బాయిల ఒక తాంబేలు ఉండె. పుస్తకాలల్ల తాబేలు అని రాస్తరు గని, మా బోధన్ దిక్కు చెరుకు ఊర్లల్ల అది తాంబేలే. దాని పేరు ముసలోడు. ఆ పేరు పెట్టింది మా అవ్వ, అంటే మా బాపును కన్న తల్లి. పొద్దుగాల తను సద్ది తినకముందే ఒక ముద్ద పట్టుకపోయి బాయి గిలక కాడ నిలబడి గాజులు గలగల ఆడిచ్చేది. ముసలోడు నీళ్లమీదికి సన్నటి ముక్కు పెట్టేటోడు. అవ్వ ముద్ద ఏసేది. ఆ ఇంట్ల మా బాపుకు గూడ అంత మర్యాద దొరకకపోయేది.

బాయి తవ్వినంక ఒక తాంబేలును తెచ్చి ఏసుడు మా దిక్కు ఆనవాయితీ. పురుగు, నాచు తిని నీళ్లు తేటగ ఉంచుతదని నమ్మకం. మా బాయిల దాన్ని ఏసింది అవ్వ నాయన. అవ్వ తల్లిగారి ఊరు నవీపేట్ అవతల, గోదారి ఒడ్డున. బిడ్డ అత్తగారింట్ల బాయి తవ్వుతున్నరని తెలిసి, ఆయన ఊరి వాగుల పట్టిన తాంబేలును తడి గుడ్డల చుట్టుకొని ఇంతదూరం తెచ్చిండట. "అందరు బిడ్డకు ఆవును ఇస్తరు, మా నాయన తాంబేలును ఇచ్చిండు" అని అవ్వ ఎప్పుడు చెప్పినా పకపక నవ్వేది.

తర్వాత పోచంపాడు డ్యాం కట్టిన్రు. అవ్వ పుట్టిన ఊరు నీళ్లల్ల మునిగింది. ఊరోళ్లు తలో దిక్కు పోయిన్రు. ఉన్న ఒక్క తమ్ముడు భీవండికి మగ్గాల పనికి పోయి ఆడనే ఉండిపోయిండు. ఊరు మునిగినంక అవ్వ ఆ దిక్కు ఒక్కసారి గూడ పోలే. ఒకసారి చూసి వద్దాం పా అని బాపు అంటే, "నీళ్లను ఏం సూస్తవురా, మన బాయిల లేవా?" అనేది. ఆమెకు తల్లిగారింటి తరపు అని మిగిలింది ముసలోడు ఒక్కడే. వాన్ని ఆ బాయిలకెళ్లి తీసుడంటే అవ్వ పాణం తీసుడే. ఇంటిల్లిపాదికి ఆ సంగతి తెలుసు.

ఇగ ఆ బాయిల ఇంకో వింత గూడ ఉండె. వానకాలం పోయి చలి మొదలయ్యే యాళ్లకు, ఎప్పుడన్న ఒకసారి బొక్కెనల తెల్లటి గోలీ వస్తుండె. గుండ్రంగ, నున్నగ, సున్నం పూసినట్టు. బాయి సల్లగుంటే గోలీలు ఏస్తదని అవ్వ తీర్పు. ఆ గోలీని తీస్కపోయి పసుపు విత్తనపు కుప్పల పెట్టేది, పంట మంచిగ ఊరుతదని. పక్క చేన్ల వాళ్లు గూడ వచ్చి "మాకొకటి ఇయ్యి పెద్దమ్మా" అని అడుక్కపోయేటోళ్లు. ఒకసారి కుప్పల గోలీ పగిలి, ఇల్లంత కంపు లేసింది. మా అమ్మ ముక్కు మూసుకొని, "అత్తా, మీ బాయి ఏం తిన్నదో గని" అన్నది. అవ్వ మూడు దినాలు మా అమ్మతోని మాట్లాడలే.

నేను నిజామాబాద్‌ల డిగ్రీ చదువుతున్న దినాలవి. బోధన్ బస్సుల నిలబడి పోవుడు, నిలబడి వచ్చుడు. జువాలజీ తీసుకున్న. ఊర్లె ఎవరన్న "ఏం సదువుతున్నవు బిడ్డా" అంటే "జంతువుల గురించి" అని చెప్తే, "గొర్ల కాడికి పోతె అయిపోవు గదా" అనేటోళ్లు. నాకు ఒళ్లు మండేది.

ఒకనాడు మా సారు సముద్రపు తాబేళ్ల పాఠం చెప్పిండు. బోర్డు మీద బొమ్మ గీసిండు, ల్యాబుల నుంచి ఒక గాజు సీసా తెప్పిచ్చి బల్ల మీద పెట్టిండు. సీసాల మందు నీళ్లు, ఆ నీళ్లల్ల తెల్లటి గుండ్రటి గుడ్లు. నేను చూసిన. లేసి నిలబడ్డ. "సార్, ఇవి మా బాయిల గోలీలు!" అని గట్టిగ అన్న. క్లాసు క్లాసంత ఒకటే నవ్వు. సారు గూడ నవ్వి, "సముద్రం మీ బోధన్ దాక ఎప్పుడొచ్చిందమ్మా?" అన్నడు. వాళ్లు నవ్వితే నవ్విన్రు. నాకు మాత్రం ఆ నిమిషంల మా ఇంట్ల ఇన్నేండ్లు ఏం జరుగుతున్నదో సమజైంది.

పొద్దుమీకి ఇంటికి వచ్చి పుస్తకాల సంచి గూడ దించలే. అమ్మ అరుగు మీద చాట ముంగట పెట్టుకొని బీడీలు చేస్తున్నది. అవ్వ పక్కన కూసొని దారం ఇడదీస్తున్నది. చెక్కర ఫ్యాక్టరీ నడిచే కాలం, గాలంత చెరుకు రసం కాగే వాసన.

"అవ్వా, ముసలోడు మగోడు గాదు," అన్న.

"మరేందే?"

"ఆడిది. ఆ గోలీలు దాని గుడ్లు."

అవ్వ దారం ఉండను ఒళ్లె పెట్టుకున్నది. "నీ సదువు పాడుగాను! గుడ్లు పెట్టేదైతే బాయిల ఎట్ల పెడతదే? ఎక్కడన్న పొదగాలె గదా."

"అదే గద నేను చెప్పేది. తాంబేలు నీళ్లల్ల గుడ్డు పెట్టదు. గట్టుకు ఎక్కి, మట్టి తోడి, అండ్ల పెట్టి, మూసి పోతది. మన బాయికి గట్టేది? చుట్టూ రాతి గోడనాయె. మోసీ మోసీ నీళ్లల్లనే ఇడుస్తున్నది."

నాకేమో పాఠం నాలుక మీద ఆడుతున్నది, ఊకుంటనా? సముద్రపు తాబేలు సంగతంత అప్పజెప్పిన. వాటికి కాళ్లుండయి, తెడ్లుంటయి. మన దాని లెక్క తల లోపలికి గుంజుకోరాదు. చేప లెక్క నీళ్లల్ల గాలి తీసుకోరాదు, మీదికొచ్చి ముక్కు పెట్టాలె.

"మనోడు గంతే గదా," అన్నది అవ్వ. మళ్ల నాలుక కరుసుకున్నది. "మనది."

"ఇసుక ఎచ్చగుంటే గుడ్లల్ల ఆడపిల్లలు అయితయి అవ్వా, సల్లగుంటే మగపిల్లలు."

మా అమ్మ బీడీ చుట్టుకుంటనే అన్నది: "గీ ముచ్చట ముందుగాల తెలిస్తే, నువ్వు కడుపుల ఉన్నప్పుడు మీ అవ్వ నన్ను పొయ్యి కాడ కూసోనిస్తుండెనా?" అవ్వ ఆమె దిక్కు ఒక చూపు చూసింది. నేను నవ్వు ఆపుకున్న.

"గుడ్లు పెట్టేటప్పుడు దాని కండ్లల్లకెళ్లి నీళ్లు కారుతయి. అది ఏడుపు గాదు, ఒంట్ల ఎక్కువైన ఉప్పు అట్ల బయటికి పోతది. మా సారు చెప్పిండు."

"మీ సారు కన్నడా, ఆయన పెండ్లాం కన్నదా?" అన్నది అవ్వ.

అప్పుడు అసలు ముచ్చట చెప్పిన. ఏ దేశం సముద్రంల తిరిగినా, ఎన్నేండ్లు తిరిగినా, గుడ్లు పెట్టే యాళ్లకు ఆ తల్లి తను పుట్టిన ఒడ్డును ఎతుక్కుంట వస్తదని. అవ్వ, "అంటే కాన్పుకు తల్లిగారింటికి పోతది," అన్నది. నేను ఎగిరి గంతేసిన. ఇంత పాఠం ఇంత అల్కగ మా క్లాసుల ఒక్కరన్న అందుకున్నరా! "అంతే అవ్వా, అచ్చం అంతే!" అన్న. ఆ మాట ఎక్కడికి పోతదో నాకు తెలిస్తే అంత సంబురపడకపోదును.

తెల్లారి అవ్వే తీసి చూద్దాం పా అంటే, బాపు గంపకు తాడు కట్టి బాయిలకు దించిండు. గంపల సద్దిముద్ద చూసి అది వచ్చి కూసున్నది. మీదికి తీస్తే తళతళ మెరిసే నల్లటి వీపు, దాని మీద పసుపు చుక్కలు. ముట్టుకోంగనే తల, కాళ్లు లోపలికి గుంజుకొని, పొట్టకింద చిన్న తలుపులు మూసుకున్నది. నేను దాన్ని తిరగేసి తోక చూసిన. మగదానికైతే తోక లావుగ, పొడుగుంటది. దీనిది ఇంతంటే ఇంత.

అవ్వ మొఖం తిప్పుకొని, "ఆడిబిడ్డ అని నువ్వే అంటివి, గట్ల ఎల్లెలకల ఏస్తవేందే, సిగ్గు లేదా!" అని నా చెయ్యి మీద ఒక్కటి కొట్టింది. దాన్ని తిప్పి పండబెట్టి, కొంగుతోని తుడిసి, "ఇన్నేండ్లు ముసలోడా ముసలోడా అంటిమి గదనే తల్లీ" అని వీపు నిమిరింది. తొడ పక్క మెత్తటి కాడ ఏలు పెట్టి చూస్తే లోపల గట్టిగ, గుండ్రంగ తగులుతున్నయి. అది నిండు చూలాలు.

"గోదారికి తీస్కపోయి ఇడిసిపెడదాం అవ్వా," అన్న.

అవ్వ మొఖం మాడిపోయింది. "నా తోడబుట్టింది లెక్క ఉన్నదే అది. దాన్ని గూడ నీళ్లకిచ్చి నేను ఒక్కదాన్ని ఉండాల్నా? నా ఇంట్లనే పురుడు పోస్త." అని గంప నెత్తికి ఎత్తుకొని పెరట్లకు పోయింది.

ఇగ చూడాలె ఆ పురుడు! గోడ మూలకు వాగు ఇసుక పోపిచ్చింది. చుట్టూ తడక కట్టిచ్చింది. తడకకు యాపమండలు చెక్కింది. ఊదు పొగ ఏసింది. పొగకు ఆ తాంబేలు తల లోపలికి గుంజుకొని బయటికి తియ్యలే. బాలింతలకు తినిపిచ్చే కాయం ముద్ద గూడ సొంటి, మిరియాలు, బెల్లం ఏసి నూరింది. "కన్నంక పెట్టేది అత్తా అది, కనక ముందు గాదు" అని అమ్మ నెత్తి కొట్టుకున్నది. మగపురుగు ఆ దిక్కు రావద్దని బాపుకు కట్టడి. ఆయన బర్రెలను గూడ ఇంటెనుక నుంచి చుట్టు తిప్పి తోలుకపోయేటోడు.

తాంబేలు కనలే. ముద్ద ముట్టలే. ఇసుక మీద కూసునుడు, లేసి తడకను గీరుడు, మళ్ల కూసునుడు. గీరిన సప్పుడు వంటింటి దాక ఇనవడేది. సప్పుడైనప్పుడల్లా అవ్వ చేతిల ముద్ద ఆగిపోయేది. రెండు దినాలల్ల అవ్వ గూడ సగం తిండికి వచ్చింది. ఎవరు అడగకున్నా చదివి వచ్చి చెప్తిని, ఇట్ల చేస్తినేంది అనుకున్న.

మూడోనాడు పొద్దుగాల అవ్వ తలస్నానం చేసి, పెట్టెలకెళ్లి మంచి చీర తీసి కట్టుకొని వచ్చింది. "దీన్ని తల్లిగారింటికి తోలాలె," అన్నది. "అత్తగారింట్ల ఎంత చేసినా దాని మనసు ఒప్పుతలేదు."

నా జువాలజీ మళ్ల లేసింది. "అవ్వా, పుట్టిన ఒడ్డుకు పోయేది సముద్రపు తాబేలు. ఇది చెరువు తాంబేలు. దీనికి ఏ గట్టైనా ఒక్కటే. మన కాలువ ఒడ్డున ఇడిసినా పెడతది."

"సముద్రం తాంబేలుకు ఉన్న తెలివి మన తాంబేలుకు ఉండదా?" అని గయ్యిన లేసింది. "ఎక్కడో కాలువ కాడ దిక్కులేనిదాని లెక్క కంటదా? దానికి ఒక ఊరున్నది." నేను పోయి గోనెసంచి తడిపి తెచ్చిన.

తాంబేలు వీపుకు పసుపు రాసింది, బొట్టు పెట్టింది. తడి గోనెసంచిల చుట్టి గంపల పెట్టింది. కొత్త రయికె గుడ్డల బియ్యం, పసుపుకొమ్ములు, ఎండుకొబ్బరి, తమలపాకులు పోసి మూట కట్టింది. "ఒడిబియ్యం తల్లిగారోళ్లు గద పోస్తరు అత్తా, మనమెట్ల పోస్తం?" అని అమ్మ అడిగితే, "నేనెవరినే? దానిదీ నాదీ ఒక్క ఊరే. నేనే దాని తల్లిగారామెను," అన్నది.

బాపు, అవ్వ, నేను, గంప. నిజామాబాద్ దాక ఒక బస్సు, అక్కడినుంచి నవీపేట్ బస్సు. కండక్టర్ గంప చూసి, "పెద్దమ్మా, కోళ్లా?" అన్నడు.

"కాన్పుకు పోతున్న ఆడిబిడ్డ," అన్నది అవ్వ.

ఆయన గోనెసంచి కొస ఎత్తి చూసిండు. నవ్వలే. బొట్టు చూసిండో ఏమో, ముందు సీట్ల కూసున్న పిలగాన్ని లేపి, "చూలాలు వచ్చింది, జాగ ఇయ్యి భయ్" అన్నడు. పక్క సీట్ల ఒక మరాఠీ ముసలామె "కాసవ్, కాసవ్!" అని తాంబేలును తన బాసల పిలుసుకుంట, వంగి దానికి రెండు చేతులెత్తి మొక్కింది. ఇగ ఒకరెనుక ఒకరు మొక్కుడు మొదలైంది. డ్రైవర్ గూడ బండి ఆపినప్పుడు ఎనుకకు తొంగి చూసిండు. అవ్వ మురిసిపోయి అందరికీ తన నాయన, దాని వాగు, అది బాయికి వచ్చిన కథ చెప్పుకుంట కూసున్నది. చాలా దినాలకు ఆమె నోట మునిగిన ఊరి పేరు ఇన్న.

నవీపేట్‌ల దిగి, ఒక ఎడ్లబండి మాట్లాడుకొని డ్యాం నీళ్ల కాడికి పోయినం. ఆ ఏడు వానలు సరిగ్గ పడలే. నీళ్లు ఎనుకకు జరిగి, ఒడ్డు పొంటి నల్లటి ఒండ్రు మట్టి తేలింది. అవ్వ బండి దిగి నిలబడ్డది. మస్తు సేపు అటిటు చూసింది. అవతలి గుట్టను చూసింది, దానికి సూటిగ చెయ్యి చాపి, "అగో, గా నడుమ మా ఇల్లు," అన్నది. ఆడ నీళ్లు తప్ప ఏం లేవు.

ఒడిబియ్యం గంపల పోసింది. గంపను నీళ్ల అంచుకు పట్టుకపోయి దించింది. దించింది గని చెయ్యి తియ్యలే. బాపు నా దిక్కు చూసిండు, నేను బాపు దిక్కు చూసిన. "ఊరు పోయినంక నువ్వు తప్ప మాట్లాడెటోళ్లు లేకుండిరి గదనే నాకు, ఇగ నువ్వు గూడ పోతవా," అని గంపతోని అన్నది. ఆమె ఇంటికి తిరిగి పోదామంటే ఇద్దరం కాదనకపోదుము. లోపల గోనెసంచి మీద గీరిన సప్పుడైంది. అవ్వ కండ్లు మూసుకొని గంప వంచింది.

తాంబేలు నీళ్ల ముంగట పడ్డది. తల బయటపెట్టింది. నీళ్లకు పోతదనుకున్నం. అది ఎనుకకు మర్లి, బియ్యం గింజలు తొక్కుకుంట, మా కాళ్ల నడుమకెళ్లి గట్టు మీదికి ఎక్కుడు పట్టింది! కొద్ది దూరం పోయి, ఒక తుమ్మచెట్టు కింద ఆగి, ఎనుక కాళ్లతోని మట్టి తోడుడు మొదలుపెట్టింది. ఒక కాలు, తర్వాత ఒక కాలు. ఇన్నేండ్లు బాయి గోడ తప్ప చూడని తాంబేలు, ఎవరు నేర్పిన్రని తోడుతున్నది! పుస్తకంల చదువుడు వేరు, కండ్లతోని చూసుడు వేరు.

"ఓరి నాయనో, నొప్పులొచ్చినయి!" అని అవ్వ ఉరికింది. కొంగు ఇప్పి ఒక కొస నా చేతిల పెట్టింది. "చాటు పట్టే!" అన్నది. బాపు దిక్కు తిరిగి, "నువ్వు అటు మర్లురా!" అని కసిరింది. నడీడు దాటిన మా బాపు గుట్ట దిక్కు మర్లి చేతులు కట్టుకొని నిలబడ్డడు. బండాయన గూడ మర్లిండు. ఎడ్లు మాత్రం చూసినయి.

చీర చాటున ఒక్కొక్క గుడ్డే గుంతల పడ్డది. ఏ బొక్కెనలకు పోకుండ, ఎవరి పసుపు కుప్పలకు పోకుండ మట్టిల పడ్డది. అవ్వ ప్రతి గుడ్డుకు "అగ్గో, అగ్గో" అనుకుంట తనే కన్నట్టు చెమటలు కక్కింది. అయిపోయినంక తాంబేలు మట్టి కప్పి, పొట్టతోని అదిమి, నీళ్ల దిక్కు నడిచింది. అది అవ్వ పక్క నుంచే పోయింది. ఆగలే, తల తిప్పలే. నీళ్లల్లకు దిగింది, ఒక్క గీత లేసింది, మాయమైంది.

"ఒక్కసారన్న ఎనుకకు సూడకపాయె," అన్నది అవ్వ.

"ఏ తాంబేలూ చూడదవ్వా," అన్న.

"పిల్లలైతయా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలే. "ఈసారి కావు. పుంజు లేని కోడి గుడ్ల అసోంటియే. దానికి తోడెవరు లేకుండిరి గదా. వచ్చే ఏడాదికి అయితయి. ఈ నీళ్లల్ల మస్తు తాంబేళ్లున్నయి."

అవ్వ తల ఊపింది. కొంగు సర్దుకున్నది. నేను ఏడుస్తదేమో అనుకున్న. ఏడ్వలే. చీర కొంచెం ఎత్తి పట్టుకొని మోకాళ్ల దాక నీళ్లల్లకు దిగింది. గుట్టకు సూటిగ నిలబడి, రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకొని, చేన్ల నుంచి ఇంటికి కేకేసినట్టు కేకేసింది.

"అవ్వా! ఓ అవ్వా! పిల్లను తోలిన, తలుపు తియ్యే!"

మేమందరం అవ్వ అని పిలిచే మనిషి ఇంకొకరిని, తనను కన్న తల్లిని, అవ్వా అని పిలుసుడు నేను అంతకుముందు ఎన్నడు ఇనలే. ఇంకా అటు మర్లే నిలబడ్డ బాపు, చేతులు కట్టుకున్నవాడు కట్టుకున్నట్టే తల దించుకున్నడు. అవ్వ చెవి నీళ్ల దిక్కు పెట్టి, లోపల ఎవరన్న లేసి వచ్చి గొళ్లెం తీసేంత సేపు, ఆడనే ఆగింది. నేను గూడ ఆగిన.